నా కళ్ళలోకి చూసి చెప్పండి, చందా ఎంత?

చిన్నప్పుడు డబ్బాలో జంతికలు తగ్గిన ప్రతిసారీ మా నాయనమ్మ న్యాయస్థానం తెరిచేది. "నా కళ్ళలోకి చూసి చెప్పు, నువ్వేనా?" చూస్తే, "ఏమిటా గుడ్లు మిటకరించడం, చిన్నంతరం పెద్దంతరం లేదూ?" అని ఒకటి తగిలేది. తల దించుకుంటే నేరం ఒప్పుకున్నట్టే. అందుకే ఆమె ముక్కుపుడక మీద చూపు నిలిపే విద్యను ఏడో ఏటే సాధించాను. దానికి ఏ విశ్వవిద్యాలయమూ డాక్టరేటు ఇవ్వలేదు.

పెద్దయ్యాక వ్యక్తిత్వ వికాస నిపుణులు తగులుకున్నారు. కళ్ళలో కళ్ళు పెట్టి మాట్లాడితే ఎంతటివాడైనా మన దారికి వస్తాడట. బీమా ఏజెంట్లయితే రెప్ప వేయడమే మానేశారు.

2013లో వెలువడిన ఒక పరిశోధన ఈ వ్యాపారానికి గండి కొట్టింది. జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో ఫ్రాన్సెస్ చెన్, జూలియా మిన్సన్ బృందం కొందరికి ప్రసంగాల వీడియోలు చూపించి, వాళ్ళ చూపు ఎటు పోతోందో యంత్రంతో కొలిచింది. వక్త మాట నచ్చనివాళ్ళు అతని కళ్ళలోకి ఎంత ఎక్కువసేపు చూస్తే అంతగా మొండికేశారు. ఎవరిని నోటివైపు చూడమన్నారో వాళ్ళే కాస్త మెత్తబడ్డారు.

అంటే వద్దనుకున్నదాన్ని వద్దనడానికి కళ్ళలోకి చూస్తే చాలు! వినాయక చవితి చందా వాళ్ళ కోసం జీవితంలో మొదటిసారి ఎదురుచూశాను.

తలుపు తీస్తే ఐదుగురు. ముందున్న అబ్బాయి రసీదు పుస్తకం తెరిచి చూపించాడు. ఎదురింటాయన పేరు, పక్కన 10,116. అందులో 116 నీలం సిరా, ముందున్న 10 ఎందుకో నల్ల సిరా. నేను శాస్త్రోక్తంగా అతని కళ్ళలోకి చూశాను. మనిషికి ఇబ్బంది కలగని చూపు నిడివి సగటున 3.3 సెకన్లని 2016లో లండన్ పరిశోధకులు తేల్చారు. దాన్నీ దాటించాను. నాలో ప్రతిఘటన పొంగుతున్నట్టు స్పష్టంగా తెలుస్తోంది.

"అంకుల్, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

వెనకున్న నలుగురూ తొంగిచూశారు. ఫ్రైబర్గ్ వాళ్ళ వీడియోలో వక్త తిరిగి చూడడు, ఇక్కడ ఐదు జతల కళ్ళు తిరిగి చూస్తున్నాయి. వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడవి ఆరో జత.

1,116 రాయించుకున్నారు. నీలం సిరాతోనే. మెట్లు దిగుతూ ఆ అబ్బాయి జేబులోంచి నల్ల పెన్ను తీశాడు.