సీరియల్ పోలీసుకి కనపడని స్టేషన్ రైటర్

టీవీ పోలీసుని చూస్తే పోలీసు శాఖ గురించి తెలిసేది తక్కువ. ఆ కాలపు మధ్యతరగతి పోలీసు నుంచి ఏం కోరుకుందో మాత్రం బాగా తెలుస్తుంది. 1989లో దూరదర్శన్‌లో 'ఉడాన్' వచ్చింది. ఐపీఎస్ అధికారిణి అయిన తన అక్క కంచన్ చౌదరి జీవితం ఆధారంగా కవితా చౌదరి దాన్ని రాసి, తీసి, నటించారు. ఆడపిల్ల యూనిఫాం వేసుకుంటే ఇంటి రాత మారుతుందని అప్పట్లో జనం నిజంగానే నమ్మారు.

1998లో మొదలైన 'సీఐడీ' సీరియల్ నాటికి చట్టం తన దారిన నడిచేదాకా ఆగే ఓపిక పోయింది. ఇన్‌స్పెక్టర్ దయా తలుపు తంతాడు, ల్యాబ్‌లో ఒక్క వెంట్రుకతో గుట్టు రట్టవుతుంది, చెంప పగిలితే నేరం ఒప్పేసుకుంటారు. కోర్టు మాటే పెద్దగా ఉండదు. కస్టడీలో హింస కూడదంటూ డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చి అప్పటికి ఏడాది దాటింది. మనం మాత్రం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, అన్నం తింటూ ఆ చెంపదెబ్బని ఎంజాయ్ చేశాం. 2019లో దిశ కేసు నిందితుల ఎన్‌కౌంటర్ జరిగినచోట పోలీసుల మీద పూలు చల్లారు. అది సీరియళ్ల వల్లేనని నేననను, కానీ కోరిక ఒకటే. ఆ కాల్పులు చంపాలనే జరిపారని 2022లో సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చేసరికి పూలు చల్లినవాళ్లు వేరే వార్తలోకి వెళ్లిపోయారు.

అదే 2019లో వచ్చిన 'ఢిల్లీ క్రైమ్' వెబ్ సిరీస్ నిద్ర లేని పోలీసుల మీద జాలి పుట్టించింది. మంచి సిరీసే.

మన తిరుపతి సంగతికొస్తే, 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో 20 మంది తమిళ కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎర్రచందనం కథంటే కెమెరా అయితే స్మగ్లర్ వెంట, లేకపోతే టాస్క్‌ఫోర్స్ వెంట పోతుంది. గొడ్డలి పట్టిన కూలీ గుంపులో ఒకడిగా మిగిలిపోతాడు.

ఏ సీరియల్లోనూ సరిగ్గా కనపడని మనిషి ఇంకొకడున్నాడు, స్టేషన్లో ఫిర్యాదులు, రికార్డులు రాసే స్టేషన్ రైటర్. దర్శనానికొచ్చి బ్యాగు పోగొట్టుకున్న కుటుంబానికి పోలీసంటే ముందు అతనే. "ఎక్కడ పోయింది? రైల్లోనా? అది మా లిమిట్స్ కాదమ్మా" అంటాడు. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1న అమల్లోకొచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్ ప్రకారం, కేసు కట్టాల్సిన నేరమైతే ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. రైటర్ పెన్ను తీసి ఆ కంప్లైంట్ రాసుకునే ఎపిసోడ్‌కి టీఆర్పీ రాదని నిర్మాతలకి బాగా తెలుసు.