ఒలింపిక్స్ వెళ్లిపోయాక ఆ కొండ ఎవరిది?

కెనడాలోని కాల్గరీ నగరానికి పడమటి అంచున, ట్రాన్స్ కెనడా హైవే మీద వెళ్లేవాళ్లకు కొండపై ఓ టవర్ కనిపిస్తుంది. 1988 శీతాకాల ఒలింపిక్స్‌లో స్కీ జంపింగ్ జరిగింది అక్కడే. రెండు పోటీల్లోనూ ఆఖరున నిలిచి కూడా జనం మనసు దోచుకున్న బ్రిటన్ ఆటగాడు ‘ఎడ్డీ ది ఈగిల్’ దూకింది ఈ కొండ మీదే. జమైకా జట్టు బాబ్‌స్లెడ్ (మంచు కాలువలో వేగంగా జారే బండి) బోల్తా పడితే, కుర్రాళ్లు లేచి దాని పక్కన నడుచుకుంటూ వెళ్లిందీ ఇక్కడే. ఇప్పుడు ఆ టవర్ నుంచి స్కీలతో ఎవరూ దూకరు. టికెట్ కొనుక్కుని, నడుముకు బెల్టు బిగించుకుని, జిప్‌లైన్ అనే వేలాడే తీగ మీద జారతారు.

ఒలింపిక్ వేదికకు ఇదేం గతి అని ముక్కున వేలేసుకునేవాళ్లున్నారు. నాకైతే ఇందులో చిన్నతనం ఏమీ కనిపించదు.

ఎందుకంటే ఒలింపిక్స్ రాకముందు కూడా అది స్కీయింగ్ కొండే. అప్పట్లో పాస్కపూ అనేవారు. జనం కాలు పెట్టని చోట కొత్తగా కట్టలేదు, ఊరివాళ్లు జారే వాలులోనే ఒలింపిక్స్‌ను ఇమిడ్చారు. ఆటలయ్యాక చేతులు దులుపుకోకుండా నిర్వహణకు ఒక నిధి మిగిల్చి, ఒక సంస్థకు అప్పగించారు. అదే ఇవాళ్టి విన్‌స్పోర్ట్. చలికాలంలో యంత్రాలతో మంచు కురిపిస్తే పిల్లలు అక్కడ స్కీయింగ్ నేర్చుకుంటారు. ఎండాకాలంలో అదే వాలు మీద మౌంటెన్ బైకులు దిగుతాయి. తర్వాత కట్టిన మంచు రింకుల్లో ఐస్ హాకీ నడుస్తుంది.

స్పీడ్ స్కేటింగ్‌కు కట్టిన ఒలింపిక్ ఓవల్ కాల్గరీ యూనివర్సిటీ ఆవరణలోనే ఉంది. శీతాకాల ఒలింపిక్స్‌లో ఈ పోటీలు తొలిసారి పైకప్పు కింద జరిగింది అందులోనే. ఊరు సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైన ఉండడంతో గాలి పలచన, వేగం ఎక్కువ. ప్రపంచ రికార్డులు వరసగా బద్దలయ్యాయి. జాతీయ జట్టు సాధన చేసే ఆ మంచు మీదే, మరో వేళలో మామూలు జనమూ స్కేటింగ్ చేస్తారు.

జనంతో పని లేకుండా కట్టినవాటి సంగతి వేరు. ఇటలీ 2006 టురిన్ ఒలింపిక్స్‌కు చెసానాలో బాబ్‌స్లెడ్ ట్రాక్ కట్టింది. కొన్నేళ్లకే దానికి తాళం పడింది. 2026 ఆటలకు పొరుగు దేశంలో ఉన్న ట్రాక్ వాడుకోండని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ చెప్పినా వినకుండా, కోర్టినాలో మళ్లీ కొత్తది కట్టింది. మన దగ్గరా ఉందో ఉదాహరణ: 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం డెహ్రాడూన్‌లో కట్టిన ఐస్ రింక్ ఏళ్ల తరబడి మూతపడి, 2025లో గానీ మళ్లీ తెరుచుకోలేదు. మంచును గడ్డకట్టించి ఉంచడానికి రోజూ కరెంటు కాలాలి. పందిరి వేసిన నాటి ఉత్సాహం ఆ బిల్లు కట్టదు.

అయితే కాల్గరీని మరీ ఆకాశానికి ఎత్తడానికీ లేదు. స్కీ జంపింగ్ వాలుకు మొదటి నుంచీ గాలి బెడద; 1988లోనే ఈదురుగాలులకు పోటీలు పదేపదే వాయిదా పడ్డాయి. దూకేవాళ్లు కొద్దిమంది, ఖర్చు బోలెడు. 2018లో మూసేశారు. బాబ్‌స్లెడ్ ట్రాక్ మరమ్మతుకు కావలసిన సొమ్ము పూర్తిగా సమకూరక 2019లో అదీ ఆగిపోయింది. ఈ రెండింటి మధ్యలోనే, 2018 నవంబరులో, 2026 ఒలింపిక్స్ మనం అడుగుదామా అని నగరవాసులను ఓటు అడిగితే 56 శాతానికి పైగా వద్దన్నారు. ఒలింపిక్ కొండ మీద స్కీయింగ్ నేర్చుకున్న ఊరే ఆ మాట అంది!

మూసేయడం సరైన లెక్కే అంటాను. కానీ ఆ లెక్కలో ఎవరో ఒకరు నష్టపోతారు, అది దాచకూడదు. కాల్గరీ వాలు మూతపడ్డాక కెనడా స్కీ జంపర్లు సాధన కోసం స్లొవేనియా వెళ్లి ఉండాల్సి వచ్చింది. 2022 బీజింగ్‌లో మిక్స్‌డ్ టీమ్ విభాగంలో కాంస్యం గెలిచారు. స్కీ జంపింగ్‌లో కెనడాకు అదే తొలి ఒలింపిక్ పతకం. అప్పటికి కాల్గరీలో వాళ్లు దూకడానికి వాలు లేక నాలుగేళ్లు.