ఆడకపోయినా మనవాడేనా?

2023 అక్టోబర్ 15. ఫ్రాన్స్‌లోని మార్సే నగరం. రగ్బీ వరల్డ్‌కప్ క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్, ఫిజీ తలపడ్డాయి. ఫిజీ తరఫున బరిలో దిగినవాళ్లలో జోసువా తుయిసోవా ఒకడు. అప్పటికి రెండు వారాల కిందట, జార్జియాతో మ్యాచ్ జరిగిన రోజుల్లోనే, ఫిజీలో ఉన్న అతని ఏడేళ్ల కొడుకు చనిపోయాడు. చాలాకాలంగా జబ్బుతో ఉన్న పిల్లాడు. తండ్రి ఇంటికి వెళ్లలేదు. జట్టుతోనే ఉండిపోయాడు.

ఆ కబురు తెలిసి రగ్బీ లోకం కదిలిపోయింది. అభిమానులు అతన్ని యోధుడన్నారు, దేశం కోసం గుండె రాయి చేసుకున్నాడన్నారు. ఆ ప్రేమ నిజమైనదే, అందులో నాకు అనుమానం లేదు. తుయిసోవా నిర్ణయాన్ని తప్పుపట్టే హక్కు కూడా నాకే కాదు, ఎవరికీ లేదు. నా బాధంతా ఆ పొగడ్త గురించే. ఉండిపోవడాన్ని అంతలా ఆకాశానికెత్తితే, రేపు ఇలాంటి కష్టమే వచ్చిన మరో కుర్రాడు 'నేను ఇంటికి వెళ్తాను' అని నోరు తెరిచి ఎలా అడుగుతాడు? అడిగి వెళ్లిపోతే అతనికీ ఇంతే ప్రేమ దక్కుతుందా?

పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ, సమోవా, టోంగా దీవుల నుంచి వెళ్లి ఫ్రాన్స్, ఇంగ్లండ్ క్లబ్బుల్లో ఆడుతున్నవాళ్లు వందల్లో ఉన్నారు. పారిస్ నుంచి ఫిజీకి దాదాపు 16 వేల కిలోమీటర్లు. నేరుగా విమానం లేదు. పారిస్‌లో రాత్రి పదింటికి ఫోన్ చేస్తే అక్కడ మర్నాడు తెల్లవారి ఎనిమిదో తొమ్మిదో అయి ఉంటుంది. ఇంట్లో అందరూ తలో పనిలో పడిపోయి ఉంటారు. సంపాదనలో పెద్ద వాటా ఇంటికే వెళ్తుంది. ఆ జీతం మీద అమ్మానాన్నలే కాదు, చుట్టాలూ ఊరి చర్చీ కూడా ఆశపెట్టుకుని ఉంటారు. ఇక్కడేమో కాంట్రాక్ట్ ఏడాదో రెండేళ్లో. చాలామందికి ఉండే ఇల్లు, తిరిగే కారు, దేశంలో ఉండడానికి వీసా అన్నీ ఆ కాంట్రాక్ట్‌తోనే ముడిపడి ఉంటాయి. రెండు మ్యాచ్‌లు సరిగా ఆడకపోతే మూడో మ్యాచ్‌కి టెన్షన్ మొదలవుతుంది. అలాంటివాడు తన మనసు బాగోలేదని కోచ్‌కి చెబుతాడా? చెప్పడు. నవ్వుతూ తిరుగుతాడు. సమోవా జట్టుకు ఆడిన డాన్ లియో ఇలాంటివాళ్ల కోసమే పసిఫిక్ రగ్బీ ప్లేయర్స్ వెల్ఫేర్ సంస్థను నిలబెట్టాడు. సాటి ఆటగాళ్లే పూనుకుని అలాంటి సంస్థ పెట్టుకోవాల్సి వచ్చిందంటే క్లబ్బులు పట్టించుకోకుండా వదిలేసింది ఎంతో అర్థం చేసుకోవచ్చు.

కంటికి కనిపించే కష్టం వస్తే అభిమానులు ఆదుకుంటారు, అది చాలాసార్లు చూశాం. 2020 జనవరిలో మోస్ మాసో విషయం తీసుకోండి. న్యూజిలాండ్‌లో పుట్టి సమోవా జట్టుకు ఆడినవాడు, ఇంగ్లండ్‌లో హల్ కింగ్‌స్టన్ రోవర్స్ అనే రగ్బీ లీగ్ (రగ్బీలోనే మరో రకం ఆట) క్లబ్బులో ఉన్నాడు. సీజన్‌కి ముందు ఆడిన ఒక స్నేహపూర్వక మ్యాచ్‌లో వెన్నెముక దెబ్బతింది. మళ్లీ నడవడం కష్టమన్నారు. అతని భాగస్వామి అప్పటికి గర్భవతి. పుట్టిన దేశానికి భూగోళం అవతల ఆస్పత్రి మంచం మీద పడి ఉన్న ఆ మనిషి కోసం సొంత క్లబ్ అభిమానులే కాదు, మైదానంలో అతను పట్టి పడేసిన జట్ల అభిమానులూ డబ్బు పోగేశారు. మళ్లీ ఆడతాడన్న ఆశ లేదని తెలిసి కూడా ఇచ్చారు. ఆ ఏడాదే అతను తిరిగి అడుగులు వేయగలిగాడు. తర్వాత గాయపడ్డ ఆటగాళ్ల కుటుంబాల కోసం తనే ఒక సంస్థ పెట్టాడు.

విరిగిన ఎముక ఎక్స్‌రేలో కనిపిస్తుంది. విరిగిన కాపురం, తాగుడు, నిద్రలేమి, వేల మైళ్ల అవతల మంచాన పడ్డ తల్లి, ఇవేవీ అందులో కనిపించవు. స్టాండ్స్‌లో కూర్చున్నవాడికి కనిపించేది జారిపోయిన బంతి మాత్రమే. 'వీడికేమైంది, దండగ' అని అరుస్తాడు. తర్వాతెప్పుడో అసలు సంగతి తెలిసి అయ్యో అనుకుంటాడు. కానీ ఆ అరుపు అప్పటికే అతని చెవిన పడిపోయింది.

అదే మార్సే మ్యాచ్‌లో ఇంకొకటి జరిగింది. మ్యాచ్ మొదలవకముందు ఇంగ్లండ్ కెప్టెన్ ఓవెన్ ఫారెల్ పేరు ప్రకటించగానే కొందరు ప్రేక్షకులు వెటకారంగా గోల చేశారు. చివర్లో అతను తన్నిన డ్రాప్ గోల్, పెనాల్టీ కిక్ పాయింట్లతోనే ఇంగ్లండ్ 30-24తో గట్టెక్కింది. నెలన్నర తిరగకుండానే, తన మానసిక ఆరోగ్యం, కుటుంబం ముఖ్యమని చెప్పి ఫారెల్ అంతర్జాతీయ మ్యాచ్‌లకు దూరం జరిగాడు. కొడుకును పోగొట్టుకున్నవాడిని రగ్బీ లోకం ఆకాశానికెత్తింది, తన బాధ ఇంకా బయటపెట్టని వాడిని ఆ రోజు స్టేడియంలో గేలి చేసింది. ఇద్దరిలో ఎవరు ఏం మోస్తున్నారో చూసి కాదు, ఎవరి సంగతి వార్తల్లోకి వచ్చిందో చూసి జనం స్పందించారు.

అందుకే కష్టం బయటపడ్డాక చూపించే ప్రేమ కన్నా, కష్టం ఉందని తెలియనప్పుడు మనం ఎలా మసలుకున్నామన్నదే నాకు ముఖ్యం. ఇక్కడ న్యూజిలాండ్ జట్టుకు ఆడిన జెర్రీ కాలిన్స్ గుర్తొస్తాడు. 2007 వరల్డ్‌కప్ క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్ చేతిలో న్యూజిలాండ్ ఓడిపోయింది. అంత తొందరగా ఆ జట్టు వరల్డ్‌కప్ నుంచి ఎన్నడూ ఇంటిముఖం పట్టలేదు, దేశమంతా మండిపడుతోంది. కాలిన్స్ ఇంగ్లండ్‌లో డెవన్‌కి సెలవుల మీద వెళ్లి, అక్కడి బార్న్‌స్టేపుల్ క్లబ్ మనుషులతో కలిసిపోయాడు. పిల్లలకు కోచింగ్ చెప్పాడు. ఆ క్లబ్ రెండో జట్టు తరఫున మ్యాచ్ కూడా ఆడాడు. ఆ డిసెంబర్‌లో, రకరకాల క్లబ్బుల ఆటగాళ్లను పిలిచి కూర్చే బార్బేరియన్స్ జట్టుకు ఆడుతూ దక్షిణాఫ్రికా మీద బరిలో దిగినప్పుడు అతని కాళ్లకు ఉన్నవి బార్న్‌స్టేపుల్ సాక్స్. బార్బేరియన్స్‌లో ఎవరి క్లబ్ సాక్స్ వాళ్లు వేసుకోవడం ఆనవాయితీ. ప్రపంచస్థాయి ఆటగాడు ఓ చిన్న ఊరి సాక్స్ తన సొంతమనుకుని వేసుకున్నాడంటే, ఆ ఊరు అతనికి ఏమిచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

అభిమానులు చేయగలిగిందల్లా దాదాపుగా అంతే, అదేమీ చిన్నది కాదు. కొత్తగా వచ్చిన ఆటగాడి భార్యకు భాష రాకపోతే ఒకరు ఆస్పత్రికి తోడు వెళ్లడం, పండగ పూట ఇంటికి భోజనానికి పిలవడం, మ్యాచ్ గురించి ఎత్తకుండా కాసేపు కబుర్లు చెప్పడం. క్లబ్ ప్రకటనలో 'వ్యక్తిగత కారణాల వల్ల అందుబాటులో లేడు' అని ఉంటే అక్కడితో ఆగిపోవడం. ఏం జరిగిందో తెలుసుకోవాలన్న ఆత్రుత కూడా ఒక రకం ఒత్తిడే. ఆందోళనతో అడుగుతున్నామని మనకు మనం ఎంత సర్దిచెప్పుకున్నా సరే.

ఇక తర్వాతి సంగతి. 2024లో ఫారెల్ పారిస్‌కి వెళ్లి రేసింగ్ 92 క్లబ్బులో చేరాడు. అప్పటికి తుయిసోవా క్లబ్బూ అదే. మార్సేలో ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరూ ఒకే జెర్సీ వేసుకున్నారు. గాయాలతో ఫారెల్ సీజన్ సవ్యంగా సాగలేదు. 2025లో లండన్‌లోని తన పాత క్లబ్ సారసెన్స్‌కి తిరిగొచ్చేశాడు. పారిస్ నుంచి లండన్‌కి విమానంలో గంటకు కాస్త అటూఇటూ. తుయిసోవాకు ఇల్లు ఇప్పటికీ 16 వేల కిలోమీటర్ల దూరంలోనే ఉంది.