టీషర్టులు వచ్చాయి సరే, నేపాల్ వాళ్ళను అడిగారా?

మా చర్చి సంఘం యూత్ వాళ్ళు దసరా సెలవుల్లో సువార్త సేవకు నేపాల్ వెళ్తున్నారు. వెళ్ళాలన్న ఆశను నేను తప్పుపట్టడం లేదు. డిగ్రీ చదివే పిల్లలు తెల్లవారుజామున లేచి ప్రార్థనకు కూర్చుంటుంటే ఏ తల్లి కాదంటుంది? నా గొడవంతా ప్రిపరేషన్ గురించి. పాటల ప్రాక్టీసు అయింది, స్కిట్ అయింది, వీపు మీద వాక్యం అచ్చేసిన టీషర్టులు విశాఖపట్నం నుంచి వచ్చాయి, గ్రూపులో రోజుకో పోస్టరు పడుతోంది. ఇంత హడావుడిలో నేపాల్ మాత్రం ఎక్కడా కనబడటం లేదు. అవే టీషర్టులు వేసుకుని, అదే స్కిట్ పట్టుకుని ఒడిశా వెళ్ళినా, ఆఫ్రికా వెళ్ళినా ఒకటే అన్నట్టుంది.

ఈ మాట కూడికలో అడిగితే "విశ్వాసంతో వెళ్తున్నాం ఆంటీ, మీరు టెన్షన్ పడకండి" అన్నారు. అందుకే ఇక్కడ పెద్దగా రాస్తున్నాను. విజయనగరం, శ్రీకాకుళం వైపు వేరే సంఘాల నుంచి కూడా ఇలాంటి టీములు బయల్దేరుతున్నాయని వింటున్నాను, కాబట్టి ఇది మా ఒక్కరి ఇంటి గొడవ కాదు.

నిజానికి ఈ విషయంలో మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. బయటి దేశాల నుంచి వచ్చే టీములకు అన్నం పెట్టిన అనుభవం మనకు కావలసినంత ఉంది. నా చిన్నప్పుడు జనవరి, ఫిబ్రవరి వచ్చాయంటే మా బొబ్బిలి వైపు పల్లెల్లో ఏదో ఒక టీము దిగేది. వాళ్ళ మంచితనం మీద నాకు అనుమానం లేదు. కానీ వాళ్ళున్నన్ని రోజులూ మా ఊరు ఊరులా ఉండేది కాదు. మా అమ్మ కారం లేకుండా ఒక కూర, కారంతో ఒక కూర విడివిడిగా వండేది. కమోడ్ ఉన్న ఇల్లు ఊరంతటికీ హెడ్మాస్టారు గారిదొక్కటే. అతిథులున్నంతకాలం పాపం ఆ ఇంటివాళ్ళు చెంబు పట్టుకుని చెరువు గట్టుకు వెళ్ళేవాళ్ళు. బంతిపూల దండలు వేసే పిల్లల్లో నేనూ ఉండేదాన్ని. ఒకసారి ఫొటో సరిగా రాలేదని దండ తీయించి మళ్ళీ వేయించారు. ఈసారి నవ్వమన్నారు. నవ్వాను. ఆ ఫొటో ఏ దేశంలో ఎవరి గోడ మీద ఉందో ఏమో.

అసలు కథ వాళ్ళు వెళ్ళిపోయాక మొదలయ్యేది. విదేశీయులకు బస ఇచ్చినవాళ్ళు 24 గంటల్లో వాళ్ళ వివరాలతో ఫారం-సి అధికారులకు ఇవ్వాలని రూలు. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ళు సభలో వాక్యం చెప్పకూడదు, అది వీసా నిబంధనలకు విరుద్ధం. పల్లెటూరి పాస్టరు గారికి ఇవన్నీ ఎవరు చెప్పారు? తెలిసినవాళ్ళు చెప్పలేదు, వచ్చినవాళ్ళు పట్టించుకోలేదు. ఒక ఏడాది టీము విమానం ఎక్కేసిన తర్వాత పోలీస్ స్టేషన్ నుంచి కబురొచ్చింది. అయ్యగారు రోజుల తరబడి తిరిగారు. పొద్దున్నే వెళ్ళి బెంచీ మీద కూర్చోవడం, చీకటి పడ్డాక "రేపు రా" అంటే తిరిగి రావడం. ఊళ్ళోవాళ్ళేమో "తెల్లవాళ్ళు లక్షలిచ్చి పోయారంట కదా, ఏటి చేసినారు?" అని. ఆ వానాకాలం కూడా మా మందిరం రేకులు కారుతూనే ఉన్నాయి. ఆ లక్షలేవో దేవుడికే తెలియాలి. టీము మాత్రం తమ ఊరెళ్ళి చక్కటి రిపోర్టు చదువుకుని ఉంటుంది.

ఆ టీము చేసిన పనే ఇప్పుడు మన పిల్లలు చేయబోతున్నారు. బెంచీ మీద కూర్చోవలసి వస్తే కూర్చునేది కాఠ్మాండూలో మనకు బస ఇచ్చే పాస్టరు. ప్రిపరేషన్ అంటే ముందు ఆయన గురించి ఆలోచించాలి. గిటార్ తీగలు ఆ తర్వాత సరిచేసుకోవచ్చు.

ఆయన కష్టం బెంచీతో పోయేది కూడా కాదు. నేపాల్ 2015 రాజ్యాంగం 26వ అధికరణ ఎవరి మతం వాళ్ళు ఆచరించుకోవచ్చు అంటూనే, ఇంకొకరి మతం మార్చకూడదు అంటుంది. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న క్రిమినల్ కోడ్‌లో 158వ సెక్షన్ కింద మతం మార్పిస్తే 5 ఏళ్ళ దాకా జైలు, నేపాలీ రూపాయల్లో 50,000 దాకా జరిమానా. విదేశీయుడైతే శిక్ష అనుభవించాక 7 రోజుల్లో దేశం నుంచి పంపించేస్తారు. వీసా అక్కర్లేదు కాబట్టి మనవాళ్ళు నేపాల్‌ను పరాయి దేశంగా లెక్కపెట్టరు, ఇచ్ఛాపురం దాటి బరంపురం వెళ్ళొచ్చినట్టు వెళ్ళొద్దాం అనుకుంటారు. వీసా లేకపోయినా అక్కడి చట్టానికి మనం విదేశీయులమే.

2020లో ఒక నేపాలీ పాస్టరు కరోనాను గద్దిస్తూ చేసిన ప్రార్థన వీడియో యూట్యూబ్‌లో తిరిగింది. ఆయన్ని అరెస్టు చేశారు. ఆ తర్వాత మతమార్పిడి కేసు మెడకు చుట్టుకుంది. 2021లో డోల్పా జిల్లా కోర్టు 2 ఏళ్ళ జైలు శిక్ష వేసింది, పై కోర్టులో అది ఏడాదికి తగ్గింది. ఆయన ఆ దేశం మనిషే అయినా అంతవరకూ వెళ్ళింది, మొదలైంది ఒక వీడియోతో. మన టీములో "మీడియా ఇన్‌ఛార్జి" అని ఒక కుర్రాణ్ణి పెట్టారు. రోజూ రాత్రి ఫేస్‌బుక్ లైవ్ అని ప్రోగ్రాం షీటులో రాసుకున్నారు. ఆ లైవ్‌లో కనబడేవాళ్ళలో మనవాళ్ళు సెలవులు అయిపోగానే వచ్చేస్తారు. ప్రార్థనకు ముందుకొచ్చిన అక్కడి కుర్రాడి ముఖం ఊరి పేరుతో సహా పెడితే, ఆ సంగతి వాళ్ళ తాతకు, ఆ వార్డు పెద్దలకు చేరడానికి ఎంతసేపు పడుతుంది? లైవ్ ఎందుకు అంటే "చందాలిచ్చినవాళ్ళకు చూపించాలి కదా" అన్నారు. చందా ఇచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. నాకు చూపించక్కర్లేదు.

ఇక తేదీలు. మన వీధిలో రాత్రిపూట విజిల్ వేసుకుంటూ తిరిగే గూర్ఖా ఉన్నాడు కదా. నెలకోసారి గేటు దగ్గర నిలబడి డబ్బులు తీసుకుని పోతాడు. అతనిది ఏ ఊరో మనలో ఎంతమంది అడిగారు? ఈ ట్రిప్ సంగతి విన్నాక నేను అడిగాను. పశ్చిమ నేపాల్, కొండల్లో పల్లె. మావాళ్ళు దసరాకు మీ దేశం వస్తున్నారయ్యా అంటే తెల్లబోయాడు. "దశైంకు అక్కడ ఎవరుంటారమ్మా, అందరూ ఊళ్ళకు పోతారు. నేనూ పోతాను, ఈసారి డబ్బులు కొంచెం ముందే ఇవ్వండి" అన్నాడు. దశైం అంటే మన దసరాయే, అక్కడ 15 రోజుల పండగ, వాళ్ళకు ఏడాదిలో అన్నిటికన్నా పెద్దది. కాఠ్మాండూలో బతికేవాళ్ళు బస్సులు పట్టుకుని సొంతూళ్ళకు పోతారు. ఆఫీసులు మూత, టికెట్లు దొరకవు. క్రైస్తవ కుటుంబాలకు ఆ రోజులు మరీ ఇరకాటం. పెద్దవాళ్ళు నుదుట టీకా, అంటే బొట్టు, పెట్టి దీవించే పండగ అది. పెట్టించుకోకపోతే ఇంట్లో గొడవ, పెట్టించుకుంటే తనకు మనసొప్పదు. సరిగ్గా ఆ వారంలో మనం దిగుతాం.

విజయనగరం వాళ్ళకు ఇది విడమరిచి చెప్పాలా? దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం. మూడు లాంతర్ల నుంచి కోట దాకా ఇసుక వేస్తే రాలదు. ఆ రోజు వేరే దేశం కుర్రాళ్ళు ఒకే రంగు చొక్కాలేసుకుని ఆ జనంలో కరపత్రాలు పంచారనుకోండి. సాయంత్రానికి వాళ్ళు లాడ్జికి పోతారు. ఏళ్ళ తరబడి పండగకు అరిసెలు, క్రిస్మస్‌కు కేకు ఇచ్చిపుచ్చుకుంటున్న పక్కింటివాళ్ళ ముందు నిలబడవలసింది మనం. దసరానే ఎందుకు అంటే కాలేజీలకు సెలవులట. వేసవి సెలవులు లేవా? వానలు మొదలవకముందే వెళ్ళి రావచ్చు. అక్కడి పాస్టరు గారిని అడిగారా అంటే, "మేం వస్తున్నాం, ప్రార్థించండి అని మెసేజ్ పెట్టాం, ఆయన జయ మసీహ్, రండి అన్నారు" అని జవాబు. వస్తామన్నవాణ్ణి రావద్దని ఎవరంటారు? మా అమ్మ ఎప్పుడైనా అందా?

ఆ ప్రోగ్రాం షీటులో ఇంకో ముచ్చట ఉంది. శనివారం "సైట్ సీయింగ్", ఆదివారం "మెయిన్ సర్వీస్". నేపాల్‌లో సంఘాలు ఎక్కువగా ఆరాధన చేసేది శనివారం, ఎన్నో ఏళ్ళుగా వాళ్ళకు వారం సెలవు ఆ రోజు కాబట్టి. అంటే సంఘమంతా కూడే రోజున మనవాళ్ళు ఊరు చూడ్డానికి పోతారు, మర్నాడు ఖాళీ మందిరంలో స్కిట్ వేస్తారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ సంఘం చరిత్ర ఎవరైనా పిల్లలకు చెప్పారా? 1951లో రాణాల (తరతరాలుగా ప్రధానమంత్రి పదవి పట్టుకున్న వంశం) పాలన పోయేదాకా బయటి మిషనరీలకు ఆ దేశంలో చోటే లేదు. నేపాలీ బైబిలు తయారైంది మన డార్జిలింగ్‌లో. గంగాప్రసాద్ ప్రధాన్ అనే నేపాలీ పాస్టరు ఏళ్ళ తరబడి కూర్చుని చేసిన పని అది, 1914లో పూర్తి బైబిలు వచ్చింది. 1990 ప్రజాస్వామ్య ఉద్యమానికి ముందు విశ్వాసం కోసం జైలుకెళ్ళిన నేపాలీలు ఉన్నారు. 2021 జనాభా లెక్కల్లో క్రైస్తవులు 1.76 శాతం, అంటే 5 లక్షల పైచిలుకు. ఇన్ని పడి నిలబడిన సంఘానికి సువార్త అంటే ఏమిటో మనం ముఖానికి రంగు వేసుకుని చూపించాలా? నాకైతే మనవాళ్ళు చెప్పులు విప్పి, ఆ మందిరంలో కింద కూర్చుని, అక్కడి పెద్దల సాక్ష్యాలు విని వస్తే చాలనిపిస్తుంది. అందుకైనా నేపాలీలో నాలుగు మాటలు, రెండు పాటలు రావాలి. గూర్ఖా ఉన్నాడు, బజారులో మోమోలు అమ్మే నేపాలీ కుర్రాళ్ళు ఉన్నారు. వాళ్ళ దగ్గరకు ఒక్కరూ వెళ్ళలేదు.

మరో రోజు "అనాథాశ్రమం విజిట్, చాక్లెట్లు" అని ఉంది. నేపాల్‌లో హోముల్లో ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. విదేశీయుల డబ్బు కోసం పల్లెల నుంచి పిల్లల్ని తెచ్చి హోములు నింపే దళారులున్నారని 2015 భూకంపం తర్వాత యునిసెఫ్ గట్టిగానే హెచ్చరించింది. ఆ విజిట్ షీటులోంచి కొట్టేయండి. దాని మీద చర్చ కూడా అక్కర్లేదు.

"మన పెద్దలు దేశాలు దాటి వెళ్ళలేదా" అని ఒక తమ్ముడు వాదించాడు. వెళ్ళారు నాన్నా, ఎలా వెళ్ళారో కూడా చదువు. 1805లో విశాఖపట్నంలో దిగిన లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు, క్రాన్, డెగ్రాంజెస్, ముందు తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడయ్యాక సువార్తలు తెలుగు చేసే పనిలో పడ్డారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో పోయారు, తిరిగి తమ ఊరు చూడలేదు. మన తెలుగువాళ్ళలో జాన్ రంగయ్య గారు 1903లో దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్ళారు. తోటల్లో కూలీకి పోయిన తెలుగువాళ్ళ కోసం వెళ్ళారు, 1915లో పోయేదాకా ఆ సేవలోనే ఉన్నారు. సెలవుల్లో వెళ్ళొచ్చేవాళ్ళను అంత త్యాగం ఎవరూ అడగడం లేదు. కానీ జీవితమంతా ఉండేవాడికి తప్పు చేసినా దిద్దుకునే టైముంది. నాలుగు రోజులకు వెళ్ళేవాడికి అది లేదు, ఆ నేర్చుకునేదేదో ఇక్కడే నేర్చుకుని వెళ్ళాలి.

డబ్బు సంగతి రాయకపోతే మా స్త్రీల సమాజం వాళ్ళు ఊరుకోరు. ఈ ట్రిప్‌లో మా పిడికెడు బియ్యం డబ్బు ఉంది. తెలియనివాళ్ళ కోసం: అన్నం వండబోయే ముందు, బియ్యం కడగకుండానే ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. నెలాఖరుకు మందిరానికి తెస్తే కొలిచి అమ్ముతారు. మాలో ఉపాధి పనికి వెళ్ళే ఒకావిడ ఉన్నారు. ఆవిడవి రేషన్ బియ్యం. అందరి సన్నబియ్యంలో కలిస్తే బాగోదని చిన్న సంచిలో విడిగా మూట కట్టి, అందరూ పోసేశాక తెచ్చి ఇస్తారు. ఆ డబ్బు టీషర్టుల బిల్లుకు పోయిందని తెలిసి నాకు అన్నం సయించలేదు. రైలు టికెట్లకు పోయినా, అక్కడి ఆడవాళ్ళకు ఒక కుట్టుమిషన్‌కు పోయినా ఒక్క మాట అనేదాన్ని కాదు. ఇంతమంది వెళ్ళి ఆ పాస్టరు ఇంట్లో తింటే గ్యాసు ఎవరిది, పప్పు ఎవరిది? బడ్జెట్‌లో ఆ లైనే లేదు.

కాగితాల సంగతి ఒక్క మాటలో. కలకత్తా దాకా రైలు, అక్కడ నుంచి విమానం అంటున్నారు. ఆధార్ చూపిస్తే నేపాల్ విమానం ఎక్కనివ్వరు, 15 ఏళ్ళ లోపు పిల్లలకు, 65 దాటినవాళ్ళకే ఆ వెసులుబాటు. పెద్దవాళ్ళకు పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. టీములో కొందరికి రెండూ లేవు. పాస్‌పోర్టుకు 1,500 కట్టి, పోలీస్ వెరిఫికేషన్ అయ్యి, చేతికొచ్చేసరికి ఎన్ని వారాలవుతుందో లెక్క వేసుకోండి.

ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంటోంది. స్త్రీల సమాజం తరఫున కాగితం రాసి అయ్యగారి చేతికిచ్చాం. తేదీలు అక్కడి పాస్టరు గారు చెప్పినప్పుడే పెట్టాలి, లైవ్ ఉండకూడదు, ముఖాలున్న ఫొటోలు పెట్టకూడదు, తిండి ఖర్చు ముందే పంపాలి. ఒప్పుకోకపోతే వచ్చే నెల నుంచి మా బియ్యం మందిరానికి రావు. ఆ ఆఖరి లైను నేను రాయలేదు, ఆ రేషన్ బియ్యం ఆవిడే పట్టుబట్టి రాయించారు.