పొంగని పిండిపై శాఖాపరమైన చర్యలు

మూతపెట్టిన బ్రెడ్ పిండి సరిగ్గా గంటకు రెట్టింపు కావాలని వంటల వీడియోలన్నీ ఏకగ్రీవంగా తీర్మానించాయి. కాబట్టి కావాల్సిందే. మే నెల విజయవాడ వంటింట్లో 38 డిగ్రీలున్నా, జనవరి ఆదిలాబాద్‌లో 18 ఉన్నా తీర్మానం తీర్మానమే. పిండిని పొంగించే ఈస్ట్ వాతావరణం సాకులు చెప్పకూడదు.

చెబుతుంది, అదే దాని పొగరు. అరకిలో మైదాకు 5 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ వేస్తే, 25 డిగ్రీల దగ్గర గంటా గంటన్నర తీసుకుంటుంది. విజయవాడ ఎండలో అరగంట దాటితే చాలు, మూత నెట్టుకుని వచ్చేస్తుంది. చలిలో రెండు మూడు గంటలు బతిమాలించుకుంటుంది. ఎండాకాలం ఈస్ట్ సగానికి తగ్గించి ఫ్రిజ్ నీళ్లతో కలిపితే కాస్త దారికొస్తుంది.

ఇక రెట్టింపు అయిందో లేదో ఎవరు తేల్చాలి? కన్ను తేల్చలేదు. గిన్నె పైకి పోనుపోను వెడల్పు కాబట్టి, ఎత్తు చూసి ‘ఇంకా కాలేదు’ అనుకునేలోపే పిండి రెట్టింపు దాటిపోతుంది. అందుకని నిమ్మకాయంత పిండిని నిటారు గాజు గ్లాసులో అదిమి, మట్టం దగ్గర రబ్బరు బ్యాండు చుట్టి, గిన్నె పక్కనే కూర్చోబెట్టాలి. అది నిఘా అధికారి: గ్లాసులో పిండి బ్యాండుకు రెట్టింపు ఎత్తుకు చేరితే గిన్నెలోదీ రెట్టింపైనట్టే.

బ్రెడ్ ఆకారం చేశాక, రెండో పొంగులో మాత్రం వేలిదే తీర్పు. పొడిపిండి అద్దిన వేలితో అర అంగుళం నొక్కాలి. గుంట టక్కున పూడిపోతే పొంగు చాలలేదు. ఓవెన్‌లో పెడితే పక్కన పగిలి, లోపల గట్టిగా ఉంటుంది. నెమ్మదిగా, సగమే పూడితే ఓవెన్‌లోకి పంపవచ్చు. అసలు పూడకపోతే గడువు మీరింది: కాలేటప్పుడు నడుం జారిపోతుంది, చక్కెరంతా ఈస్టే తినేసింది కనుక పైన ఎర్రబడదు. గంట కొట్టాకే నొక్కుతామనే నిష్ఠాపరులకు ఈ మూడోది తరచుగా దక్కుతుంది.

చపాతీ పిండితో చేసేవారు రెట్టింపు కోసం ఎదురుచూడటం మరీ అన్యాయం. అందులోని పొట్టు గాలిని పట్టి ఉంచే సాగుడును కోసేస్తుంది. ఒకటిన్నర రెట్లయితే సంతకం పెట్టేయాలి.

మితిమీరినా కొంపేం మునగదు. గాలి తీసి మళ్లీ చుట్టి, ఈసారి తొందరగా నొక్కి చూస్తే సరి. సారా వాసన కొడుతుంటే మాత్రం బ్రెడ్ ఆశ వదిలి, పళ్లెంలో పలచగా పరిచి, నూనె పోసి, ఉల్లిపాయ చక్రాలు అద్ది కాల్చాలి. అతిథులు అడిగితే ఫొకాచ్చా, అంటే ఇటలీవారి పలచటి బ్రెడ్, అనాలి. మొదటినుంచీ అదే అనుకున్నామని కూడా అనాలి.