ఆకు గుర్తు పట్టలేనివారు వైద్యం చెప్పకండి

విశాఖలో వానలు మొదలైతే చాలు, కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో కషాయాలు, పసర్లు, లేపనాల సందేశాలు వరుస కడతాయి. పంపేవారి మంచి మనసును నేను శంకించడం లేదు. అయితే ఏ మొక్క, అందులో ఏ భాగం, ఎంత మోతాదు, ఎప్పుడు ఆపి వైద్యుని దగ్గరకు వెళ్ళాలి అన్న సంగతులు లేని చిట్కా మూలికావైద్యానికే అన్యాయం చేస్తుందని నా గట్టి అభిప్రాయం.

గడ్డి చామంతినే తీసుకోండి. నూగు ఆకులు, తెల్లని చిన్న రేకులతో ఖాళీ స్థలాల్లో విరివిగా పెరిగే ఈ మొక్క ఆకు నలిపి గీరుకున్న చోట పసరు పిండడం మన పల్లెల్లో పిల్లలకూ తెలుసు. దీని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతం. ఎక్కడి నుంచో వచ్చిన కలుపు మొక్క గుణాన్ని చూసి, వాడి, తెలుసుకున్న మనవాళ్ళ పరిశీలనకే నేను చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ అదే ఆకును కడగకుండా లోతైన గాయంలో కూరితే, మట్టిలోనూ పేడలోనూ ఉండే ధనుర్వాత క్రిముల బీజాలు గాలి తగలని చోటుకు చేరతాయి. మేకు గుచ్చుకున్నప్పుడు ముందు కావలసింది సబ్బునీళ్ళతో కడగడం, టీకా సంగతి వైద్యుణ్ణి అడగడం.

గాయాలు మాన్పే పసుపు గుణంపై 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ సవాలు చేసి, 1997లో రద్దు చేయించింది. పాత గ్రంథాల ఆధారాలు చూపబట్టే ఆ గెలుపు దక్కింది. అంత ఘనమైన పసుపునైనా, రంగు కోసం సీసం ఉన్న లెడ్ క్రోమేట్ కలిపే కల్తీ ఉన్న ఈ రోజుల్లో, విడిగా అమ్మే పొడి తెచ్చి పచ్చి పుండు మీద చల్లడం నాకు సమ్మతం కాదు.

తిప్పతీగ సంగతి ఇంకా తీవ్రమైనది. అది వాడినవారిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు ప్రకటించినప్పుడు, రోగులు వాడినది అసలైన తిప్పతీగేనని నిర్ధారించలేదని సంప్రదాయ వైద్యాలను చూసే కేంద్ర ఆయుష్ శాఖ అభ్యంతరం చెప్పింది. దాన్ని పోలిన మరో తీగ ఉన్నమాట నిజం. నిపుణులకే వివాదమైన చోట, గోడ మీద పాకిన తీగను కోసి రోజూ మరిగించి తాగమనడం ఎంత సాహసం!

అడ్డసరం మొక్కలోని వాసిసిన్ అనే రసాయనం నుంచే దగ్గు మందు బ్రోమ్‌హెక్సిన్ పుట్టింది. గర్భాశయాన్ని సంకోచింపజేసే గుణమూ వాసిసిన్‌కు ఉంది కనుక గర్భిణులు అడ్డసరం కషాయం తాగకూడదు. ఈ రెండో వాక్యం ఏ సందేశంలోనూ నాకు కనిపించలేదు.

పాడేరు, అరకు కొండల్లో ఆకును చూసి, వాసన పట్టి మొక్కను చెప్పగల పెద్దలు ఇంకా ఉన్నారు. 1956 నుంచి వారి దగ్గర అటవీ ఉత్పత్తులు కొంటున్న గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం మన విశాఖలోనే ఉంది. ఆ సంస్థ తాను కొనే ప్రతి మూలికకూ మొక్క ఫొటో, వాడే భాగం, ఎవరు వాడకూడదన్న హెచ్చరికను, అది చెప్పిన గిరిజన పెద్దల పేర్లతో సహా తెలుగులో ప్రచురించాలని కోరుతున్నాను.