ముందు ప్రతి, ఆ తర్వాతే వెతుకులాట

"ఆ డబ్బా తగిలిస్తే ఫోటోలు తెరుచుకోవడం ల్యా నాయనా, ఊరికే తిరుగుతాంది" అని కడప నుంచో కర్నూలు నుంచో ఫోన్ వస్తే, ఊరికి దూరంగా ఉంటున్న మనలో చాలామంది వెంటనే ఎనీడెస్క్ తెరవమంటారు. ఇక్కడి నుంచే ఆ కంప్యూటర్లోకి వెళ్లి, డిస్కు తప్పులు సరిచేసే విండోస్ సాధనం చెక్‌డిస్క్ నడుపుతారు. అది కుదరకపోతే నెట్‌లో దొరికిన రికవరీ సాఫ్ట్‌వేర్ ట్రయల్ వేసి డీప్ స్కాన్ పెడతారు. ప్రేమతో చేసే పనే అది. కానీ కొన ఊపిరితో ఉన్న హార్డ్‌డిస్క్‌కు ఇంతకన్నా హాని లేదని గట్టిగా చెప్పదలచుకున్నాం.

చదవడానికి రాని సెక్టార్ (సమాచారం దాచే చిన్న గడి) తగిలినప్పుడు డిస్కు అక్కడే ఆగి పదేపదే ప్రయత్నిస్తుంది. అది చేతులెత్తేస్తే విండోస్ మళ్లీ అడుగుతుంది. సమాచారం చదివే అలసిన హెడ్ ఆ దెబ్బతిన్న చోటి మీదే గంటల తరబడి తిరుగుతుంది. సరిచేయమని నడిపిన చెక్‌డిస్క్ అయితే చదవడంతో ఆగదు, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే ఫైల్ పట్టికలను సరిచేస్తున్నానంటూ అదే డిస్కు మీద రాస్తుంది. సగం చదివిన పట్టికను బట్టి చేసే ఆ మరమ్మతులో ఫోల్డర్లు చెదిరిపోయి, పేర్లు లేని ముక్కలు మిగులుతాయి. "ఫార్మాట్ చేయాలి" అని విండోస్ అడిగినా వద్దనే నొక్కాలి. క్విక్ ఫార్మాట్ తర్వాత కొంత తిరిగి రావచ్చు గానీ, విస్టా కాలం నుంచి ఫుల్ ఫార్మాట్ డిస్కంతా సున్నాలతో నింపేస్తుంది.

కడపలో బ్రౌన్ దొర పండితులకు జీతమిచ్చి పాత తాళపత్రాలకు కొత్త ప్రతులు రాయించాడు. పాఠాలు పోల్చి చూసినా, తప్పులు దిద్దినా ప్రతి చేతికొచ్చాకే. హార్డ్‌డిస్క్ విషయంలోనూ పద్ధతి అదే. ముందు మొత్తం డిస్కును సెక్టార్ సెక్టారుగా ఇంకో డిస్కులోకి ఇమేజ్ (అచ్చు నకలు) తీయాలి, వెతుకులాటంతా ఆ ఇమేజ్ మీదే సాగాలి. దీనికి గ్నూ డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను మించింది మాకు తెలియదు. సిస్టమ్‌రెస్క్యూ అనే లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, కంప్యూటర్ను దానితో బూట్ చేస్తే డీడీరెస్క్యూ, టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్, స్మార్ట్‌సీటీఎల్ నాలుగూ అందులోనే ఉంటాయి.

డిస్కు టక్, టక్ అని లయగా కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే తీసేయండి. అది హెడ్ పాడైన గుర్తు, సాఫ్ట్‌వేర్‌తో అయ్యే పని కాదు. దుమ్ము చొరని క్లీన్ రూమ్ ఉన్న పెద్ద నగరపు రికవరీ సంస్థకు పంపడమో, ఆశ వదులుకోవడమో తేల్చుకోవాలి. ఇంట్లో మూత విప్పొద్దు. ఫ్రిజ్‌లో పెడితే బతుకుతుందన్న మాట నమ్మొద్దు, లోపల చెమ్మ చేరి ఉన్నది కూడా పోతుంది.

శబ్దం లేకపోతే, డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ లెక్కలను స్మార్ట్‌సీటీఎల్‌తో చూడండి. యూఎస్‌బీ డిస్కు పలకకపోతే 'హైఫన్ డీ శాట్' (-d sat) జోడించాలి. 5, 197, 198 నంబర్ల ఎదురుగా చివరి గడిలో (RAW_VALUE) ఉన్న విలువలు సున్నా దాటి పెరుగుతుంటే ఉపరితలం దెబ్బతింటోందని అర్థం. 199 ఒక్కటే పెరుగుతుంటే కేబుల్ మార్చి చూడండి, చాలాసార్లు అక్కడితో గండం గడుస్తుంది.

ఇమేజ్ పెట్టే డిస్కు పాతదానికన్నా పెద్దదై ఉండాలి. 1 టీబీకి 2 టీబీ తీసుకుంటే తర్వాత బయటికి తీసే ఫైళ్లకూ చోటుంటుంది. అది ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు కాబట్టి ముందే ఎక్స్‌ఫ్యాట్‌గానో ఈఎక్స్‌టీ4గానో ఫార్మాట్ చేసి ఉంచండి. ఈ పనిలో ఘోరమైన పొరపాటు ఒకటే జరుగుతుంది: మూలం, గమ్యం తారుమారు కావడం. లినక్స్ డిస్కులకు పెట్టే ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే పేర్లను నమ్మకుండా, డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో (lsblk -o NAME,SIZE,MODEL,SERIAL) సైజు, మోడల్, సీరియల్ నంబరు చూసి కాగితం మీద రాసుకోవాలి. డీడీరెస్క్యూ ఆదేశంలో వరుస ఇది: ముందు చెడిన డిస్కు, తర్వాత ఇమేజ్ ఫైలు, చివర లెక్క రాసుకునే మ్యాప్‌ఫైలు.

తొలి విడత 'హైఫన్ ఎన్' (-n)తో నడపండి. మొండి చోట్లను తవ్వకుండా దాటేసి, తేలిగ్గా వచ్చేదంతా ముందు లాగేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న 1 టీబీ డిస్కు సెకనుకు 100 ఎంబీ చొప్పున మూడు గంటల లోపే పూర్తవుతుంది. చెడినదానికి రోజులు పట్టినా కంగారు పడొద్దు. అది ముగిశాక అదే ఇమేజ్, అదే మ్యాప్‌ఫైలు పేర్లతో 'హైఫన్ డీ' (-d), 'హైఫన్ ఆర్ 3' (-r3) పెట్టి మళ్లీ నడిపితే, మిగిలిన చోట్లను మాత్రమే ఇంకో మూడుసార్లు అడుగుతుంది.

మ్యాప్‌ఫైలు లేకుండా ఎప్పుడూ మొదలుపెట్టొద్దు. ఏది వచ్చింది, ఏది రాలేదు అన్న లెక్కంతా అందులోనే ఉంటుంది. కరెంటు పోయినా, డిస్కు మధ్యలో మాయమైనా, మళ్లీ తగిలించి ఆగినచోటి నుంచి సాగించవచ్చు. అయితే తిరిగి తగిలించాక ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీసీ కావచ్చు, కాబట్టి సీరియల్ నంబరు మళ్లీ సరిచూడాలి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురాల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ప్లాస్టిక్ డొప్పలో ఉన్న డిస్కు గంటల తరబడి చదివితే కాలిపోతుంటుంది. ఫ్యాన్ గాలి తగిలేలా, కదలని చోట పెట్టి, స్మార్ట్‌లో 194వ నంబరు దగ్గర వేడి చూస్తుండండి. 60కి దగ్గరైతే ఆపి చల్లారనివ్వాలి. డెస్క్‌టాప్ డిస్కుకు వేరే 12 వోల్టుల అడాప్టర్ కావాలి, దాన్ని యూపీఎస్‌కే తగిలించండి.

ఇమేజ్ చేతికొచ్చాక ఊపిరి పీల్చుకోవచ్చు. టెస్ట్‌డిస్క్‌కు ఆ ఇమేజ్ ఇస్తే పార్టిషన్లు వెతికి, ఫోల్డర్లు పేర్లతో సహా చూపిస్తుంది, అక్కడి నుంచి వేరే చోటికి కాపీ చేసుకోవాలి. పట్టికే పోయి ఉంటే ఫోటోరెక్. అది ఫైళ్లను వాటి మొదట్లో ఉండే గుర్తులను (హెడర్) బట్టి ఏరుతుంది కాబట్టి పేర్లూ ఫోల్డర్లూ రావు. జేపీజీ, ఎంపీ4, పీడీఎఫ్ లాంటి కావలసిన రకాలే ఎంచుకోకపోతే చెత్తంతా వచ్చి పడుతుంది. ఫోటోల్లో తీసిన తేదీ ఉంటే దాన్ని బట్టి పేర్చుకోవచ్చు. ముక్కలుగా నిల్వయిన పెద్ద పెళ్లి వీడియోలు మాత్రం చాలావరకు ఆడవు.

అన్నిటి కోసం సమానంగా తపించనక్కర్లేదు. పొలం కాగితాలైన అడంగల్, 1బి కాపీలు ప్రభుత్వ సైటు మీభూమిలో మళ్లీ తీసుకోవచ్చు. ముప్పై ఏళ్ల నాటి పెళ్లి క్యాసెట్ నుంచి ఎక్కించిన వీడియో, అవ్వ గొంతు ఉన్న ఆడియో మళ్లీ ఎక్కడా దొరకవు. డిస్కు ఇంకా పలుకుతూ ఉన్నా వాటినే ముందు తీసుకుందామని ఫోల్డర్లు తెరవొద్దు, తొలి విడత ఇమేజ్ పూర్తి కానివ్వండి.

ఊరికి దూరంగా ఉన్న మన సంఘాలకు మాదొక కోరిక. ఊళ్లలో ఎన్నో పనులకు చందాలు వేస్తున్నాం. కర్నూలు, అనంతపురం, కడపల్లో ఒక్కో చోట 4 టీబీ ఖాళీ డిస్కు, సాటా డిస్కును యూఎస్‌బీకి కలిపే అడాప్టర్, సిస్టమ్‌రెస్క్యూ పెన్‌డ్రైవ్, చిన్న యూపీఎస్ కలిపి ఒక పెట్టె ఉంచుదాం. పై వరుసను తెలుగులో ఒక కాగితం మీద అచ్చేసి ఆ పెట్టెలోనే పెడదాం. ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఒక్క పూటలో నేర్చుకునే పని ఇది. అప్పటిదాకా సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు సూట్‌కేసులో ఒక ఖాళీ డిస్కు పెట్టుకెళ్లండి. పాత డిస్కును దుకాణంలో ఇవ్వొద్దని, మీరు వచ్చేదాకా తగిలించొద్దని ఇంట్లోవాళ్లకు ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి.